టైపు సారు, కదలని బాణం

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున అనంతపురంలోని మా ఆఫీసులో నా కంప్యూటరు మౌసు కదలడం మానేసింది. శనివారం సాయంత్రం వరకు బాగానే ఉంది. సెలవు రోజున దానంతటది ఏదో అప్‌డేటు వేసుకుందట, బాణం గుర్తు తెర మధ్యలో కొయ్యబారి నిలబడింది. పక్క సీటావిడ తన మౌసు తెచ్చి పెట్టి చూసింది, వైరు పీకి మళ్లీ గుచ్చింది, చివరికి మౌసు నెత్తిన రెండు దెబ్బలు కూడా వేసింది. నేను ఏమీ ఆలోచించకుండా మౌసును పక్కకు తోసి కీబోర్డు మీద చేతులు పెట్టాను. మీటలతోనే లోపలికి పోయి, కొత్తగా ఎక్కిన డ్రైవరును తీసేసి పాతదాన్ని పెట్టాను. డ్రైవరంటే మౌసు చెప్పే మాట కంప్యూటరుకు అర్థమయ్యేట్టు చేసే చిన్న ప్రోగ్రాము. అది చెడిందంటే మౌసు ఎంత కొత్తదైనా పనికిరాదు. పది నిమిషాల్లో బాణం కదిలింది.

"ఎవరు నేర్పినారు నీకు ఇదంతా?" అంది పక్క సీటావిడ.

"కళ్యాణదుర్గంలో ఒకాయన ఉండేవారులే, టైపు సారని" అన్నాను.

వెనక బల్ల దగ్గర ఫైళ్లు కడుతున్న గుమాస్తాది కళ్యాణదుర్గమే. ఆయన తలెత్తకుండా, "టైపు సారా? ఆయప్ప పోయినాడు కదమ్మా, శివరాత్రికి ముందే. నీకు తెలీదా?" అన్నాడు.

తెలీదు. తెలుసుకోవాలని నేను ఎప్పుడూ ప్రయత్నించలేదు కూడా. మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

ఆయనకు ఒక పేరు ఉంది, నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. చుట్టుపక్కల ఆఫీసుల్లో గుమాస్తాలైనవాళ్లు సగం మంది ఆయన దగ్గర స్కేలు దెబ్బలు తిన్నవాళ్లే. కంప్యూటర్లు వచ్చి టైపు నేర్చుకునేవాళ్లు ముగ్గురికి దిగాక ఇన్‌స్టిట్యూట్‌కు తాళం వేసి, యాభై ఏళ్ల వయసులో బళ్లారి పోయి, మీసాలు కూడా సరిగా రానివాళ్ల పక్కన కూర్చొని కంప్యూటరు రిపేరు నేర్చుకొచ్చారు. ఆ వయసులో ఎట్లా నేర్చుకున్నారు సార్ అని ఒకసారి అడిగాను. "ఇంట్లో బియ్యం అయిపోతే నువ్వైనా నేర్చుకుంటావు పాపా" అన్నారు. ఆ మాటలో గొప్ప లేదు, బాధా లేదు. ఆయన ఏం మాట్లాడినా దూరం నడిచి వచ్చి మాట్లాడుతున్నట్టే ఉండేది.

నేను అప్పుడు కళ్యాణదుర్గానికి గంట దూరంలో ఉన్న ఒక మండలాఫీసులో కాంట్రాక్టు ఆపరేటర్ని. రెండువేలు దాటిన తొలి సంవత్సరాలవి. ఆఫీసు మొత్తానికి ఒకటే కంప్యూటరు. ఊళ్ల నుంచి వచ్చే రైతులు నన్ను కంప్యూటరమ్మ అనేవారు. అది ఆగినప్పుడల్లా ఫోను చేస్తే టైపు సారు షేరాటోలో ఇరుక్కొని వచ్చేవారు. చొక్కా మీద ఎర్రమట్టి, చేతిలో రెక్సిన్ సంచి.

వచ్చీ రాగానే మిషను ముట్టేవారు కాదు. వరండాలో బెంచీ మీద కూర్చొని, గోడకు తల ఆనించి ఐదు నిమిషాలు కళ్లు మూసుకునేవారు. ఆ ఐదు నిమిషాల్లో ఆఫీసరు ఎదురుగా వచ్చి నిలబడినా లేచేవారు కాదు. తర్వాత మా అటెండరు ఓబులేసు తెచ్చిన చెంబులో సగం నీళ్లు తాగి, మిగతా సగంతో వేపమొక్క మొదట్లో చేతులు కడుక్కునేవారు. ఆ కరువు రోజుల్లో చేతులు కడిగిన నీళ్లు కూడా ఎవరూ ఊరికే పారబోసేవారు కాదు. అప్పుడు లోపలికి వచ్చి, "కరెంటు ఉండాదా?" అనేవారు. ఉందంటే ఆశ్చర్యపోయేవారు.

మొదటి పని కీబోర్డును తిరగేసి తట్టడం. శెనక్కాయల పొట్టు జలజలా రాలేది. "శేన్లలో పంట లేదని అందరూ ఏడుస్తాంటారు, ఈడ చూస్తే కీబోర్డు నిండా పండినాది" అనేవారు నవ్వకుండా. కంప్యూటరు గదిలో శెనక్కాయలు తినకూడదని ఆయన పెట్టిన రూలు. పాటించినవాళ్లు లేరు, నాతో సహా.

సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, పళ్లు తోమే పాత బ్రష్షు, దూది, స్పిరిటు సీసా ఉండేవి. సీడీలు మాత్రం గుండ్రటి స్టీలు డబ్బాలో, మధ్యమధ్య పాత పంచె ముక్కలు పెట్టి తెచ్చేవారు. దుమ్ము పడదని. ఆ డబ్బా చూసి కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు, "ఏం తెచ్చినావు సార్, ఓళిగలా?" అని బొబ్బట్ల మీద ఆశతో అడిగి, ఆ తర్వాత ఏడాది పాటు ఆయన కంట పడకుండా తిరిగాడు.

మౌసంటే ఆయనకు గిట్టేది కాదు. పని అంతా మీటలతోనే. వేళ్లు టైపు మిషను మీద పెట్టినట్టే పెట్టి, మణికట్టు పైకెత్తి, వీపు నిటారుగా పెట్టుకొని కూర్చునేవారు. నాకు నేర్పేటప్పుడు మౌసును వెల్లకిలా పడేసి, "దాన్ని ముట్టకుండా అరగంట పని చెయ్యి చూస్తా" అనేవారు. నా మణికట్టు కిందికి వాలితే చెక్క స్కేలుతో ఒక చిన్న దెబ్బ పడేది. ఇరవయ్యారేళ్ల దాన్ని, ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుతో చచ్చేదాన్ని. "ఎందుకు సార్ ఈ కష్టం, మౌసు ఉంది కదా" అంటే, "దాన్ని నమ్ముకొని కూర్చుంటే, అది పోయిన పొద్దు ఏం చేస్తావు?" అనేవారు.

మిషను ముందు కూర్చున్నాక ఎవరినైనా ఆయన అడిగేది ఒకటే. "కడాన ఏం చేసినావు?" అంటే ఆగిపోయే ముందు చివరిగా చేసిన పని ఏమిటని. ఆ ప్రశ్నకు మా జిల్లాలో అందరూ చెప్పే జవాబు కూడా ఒకటే, "నేనేమీ చేయలేదు సార్" అని. ఆయన తల ఊపి, తీరిగ్గా రెండో మాట అనేవారు. "ఏమీ చేయకుండానే చెడింటే నేను బాగుచేయలేనప్పా. ఏదో ఒకటి చేసి చెడగొట్టింటే బాగుచేస్తా. ఇప్పుడు చెప్పు." అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. టీ ఒలికిందనో, ఆటల సీడీ వేశామనో, పొరపాటున ఏదో తుడిచేశామనో. ఆయన ఎవరినీ తిట్టేవారు కాదు. చెప్పినందుకు మాత్రం, "ఇప్పుడు సులువయింది" అనేవారు.

పని అయ్యాక ఆఫీసు ఫైలు కోసం చీటీ రాసిచ్చేవారు. అందులో మూడు గడులు. ఏమైంది, ఎందుకైంది, ఏం చేసినాను. రెండో గడిని ఎప్పుడూ ఖాళీగా వదలలేదు. ఒకసారి ఆయన వచ్చిపోయిన వారానికే ఫ్యాను గరగరమంటే మళ్లీ వచ్చి చూసి, ఆ గడిలో 'పోయినసారి నేను స్క్రూ సరిగ్గా బిగించనందువల్ల' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. ఇది రాయకపోయినా ఎవరికి తెలుస్తుంది సార్ అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు నేను లేచిపోయి నీళ్లు తాగి వచ్చాను.

ఇక ఆ దసరా సంగతి. చెప్పకుండా ఇన్నేళ్లు గడిపాను. ఇప్పుడు చెప్పాలి.

వరసగా మూడో కరువు అది. పశువులకు మేత లేదు. కోస్తా వైపు నుంచి గడ్డి లారీలు వస్తున్నాయి, కానీ ఊరివారీగా పశువులున్నవాళ్ల జాబితా కంప్యూటరులో ఎక్కించి జిల్లాకు పంపిన మండలాలకే ముందు లారీలు. మాకు పండుగ సెలవులు అయిన మరుసటి రోజు సాయంత్రం గడువు. జాబితా ముప్పాతిక భాగం పూర్తి చేశాను. సెలవులకు ముందు రోజు సాయంత్రం, పని ముగిసినట్టే కదా అన్న తీరికతో, ఒక కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ పెట్టాను. అందులో మౌసుకు కొత్త డ్రైవరు ఉంది. మౌసు మధ్యలోని చక్రం తిప్పితే పేజీ దానంతటదే జరుగుతుందని రాశారు. ఆశపడి ఎక్కించాను. మిషను ఆపి మళ్లీ వేస్తేనే పని చేస్తుంది అంది. అంతలో కరెంటు పోయింది. సీడీ సంచిలో వేసుకొని ఇంటికి పోయాను.

మరుసటి రోజు ఆయుధపూజ. మా వైపు బండికీ, కొడవలికీ, కుట్టుమిషనుకూ, తక్కెడకూ, దేనితో కూడు తింటామో దానికల్లా పూజ చేస్తారు. ఓబులేసు కంప్యూటరుకు కూడా చేశాడు. పన్నెండేళ్లుగా దినకూలీ మీద పనిచేస్తూ, ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు పర్మనెంటు అవుతుందని ఎదురుచూస్తున్న మనిషి. తలపాగా తీసి భుజాన వేసుకొని, తెరకు పసుపు రాసి, పెట్టెకు మూడు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోశాడు. "మౌసును మరిసినావే ఓబులేసూ" అన్నది ఆఫీసరే. అప్పుడు దానికీ ఒక బొట్టు పెట్టాడు. అందరం బొరుగులు, బెల్లం తిన్నాం.

సెలవులయ్యాక మిషను వేస్తే బాణం కదల్లేదు. హైస్కూలు నుంచి ఇంకో మౌసు తెచ్చి పెట్టినా కదల్లేదు. ఆ జాబితా ప్రోగ్రాము తయారుచేసిన మహానుభావులు బటన్లన్నీ మౌసుతో నొక్కేట్టే పెట్టారు, నాకు నేర్పిన మీటలు ఏవీ అందులో పనిచేయలేదు. ఆఫీసరు వచ్చి చూసి, రెండు మౌసులూ తిప్పి చూసి, కుంకుమ లోపలికి పోయి కంప్యూటరునే తినేసిందని తేల్చేశారు.

"గడ్డి పక్క మండలానికి పోతే ఊర్లోళ్లు నన్ను ఆఫీసులోకి రానీరు. రేపట్నుంచి వాన్ని రావద్దని చెప్పు. మెమో కొట్టు. టైపు సారు చీటీ ఇయ్యంగానే దానికి కుట్టి జిల్లాకు పంపిస్తా" అన్నారు నాతో.

ఓబులేసు వాకిట్లో నిలబడి విన్నాడు. "సార్, మీరే కదా సార్..." అని మొదలుపెట్టి మానుకున్నాడు.

నేను పాత టైపు మిషను మీద మెమో కొట్టాను. మణికట్టు ఎక్కడా వాలలేదు, ఒక్క తప్పు పోలేదు. కొడుతున్నంత సేపూ ఆ సీడీ సంగతి నా మనసులో మెదులుతూనే ఉంది. అది కాకపోవచ్చులే అనుకున్నాను. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు మళ్లీ రాయాలి. నాయన పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు, ఇంట్లో సంపాదన నాదొక్కటే. ఇవన్నీ నిజాలే. ఓబులేసు ఇంట్లో కూడా అలాంటి నిజాలు ఉంటాయని ఆ గంటలో నాకు తట్టలేదు, తట్టనివ్వలేదు.

పదకొండింటికి టైపు సారు వచ్చారు. ఐదు నిమిషాలు కూర్చున్నారు. చేతులు కడుక్కున్నారు. కీబోర్డు తట్టారు. నా వైపు తిరిగి, "కడాన ఏం చేసినావు పాపా?" అన్నారు.

"నేనేమీ చేయలేదు సార్. పండగ పొద్దు ఓబులేసు పూజ చేసినాడు. అంతే" అన్నాను.

ఎప్పుడూ అనే రెండో మాట కోసం ఎదురుచూశాను. ఆ రోజు అనలేదు. మౌసు అడుగు తిప్పి లోపలి గుండు తీశారు, దూదితో తుడిచి చూపించారు. తెల్లగానే ఉంది. "కుంకుమ ఈడికి రాలే" అన్నారు. మీటలతో లోపలికి పోయి వెతకడం మొదలుపెట్టారు. ఓబులేసును టీకి పంపించారు. కాసేపటికి తెరను నా వైపు తిప్పి, ఒక వరస మీద గోరు పెట్టారు. డ్రైవరు ఎక్కిన తేదీ, టైము. పూజకు ముందు రోజు, సాయంత్రం నాలుగున్నర.

ఆయన తెరను తనవైపు తిప్పుకొని, కొత్త డ్రైవరు తీసేసి, స్టీలు డబ్బాలోంచి సీడీ తీసి పాతది ఎక్కించారు. మిషను ఆపి వేశారు. బాణం కదిలింది. ఆయన దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి మౌసు వదిలేశారు.

అలికిడికి ఆఫీసరు లోపలికి వచ్చారు. "అయిందా? బతికించినావప్పా. చీటీ రాయి. కుంకుమే కదా?"

"కుంకుమ కాదు సార్. ఎవరో కొత్త డ్రైవరు ఎక్కించినారు. అది ఈ మిషనుకు పడలే."

"ఎవరు ఎక్కించినారు?"

టైపు సారు చీటీ మీద పెన్ను ఆనించి నా వైపు చూశారు. తిట్టే చూపు కాదు. బస్సు కోసం దారి చూసినట్టు చూశారు. ఎంతసేపు చూశారో నాకు తెలీదు, నాకు మాత్రం చాలాసేపే. నేను కీబోర్డు మీద ఏదో దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. చెప్పాలనే అనుకున్నాను.

"నేనే సార్" అన్నారు ఆయన. "పోయిన నెల వచ్చినప్పుడు ఏసినా. ఇట్లయితాదని అనుకోలే."

నెల కిందట వేసింది సెలవుల ముందు దాకా ఎందుకు పనిచేసిందని ఆఫీసరుకు తోచలేదు. ఆయనకు అరవడానికి ఒక మనిషి దొరికాడు, అంతే. "ఇంత వయసొచ్చి ఇదా నువ్వు చేసేది? నీ చేతకానితనానికి ఆ ఓబులేసును తీసేస్తాంటి కదప్పా! ఇంక నా ఆఫీసు మెట్లు ఎక్కొద్దు" అన్నారు. నేను కొట్టిన మెమోను చింపి బుట్టలో వేశారు. టైపు సారు చీటీలో రెండో గడి నింపి, సంతకం పెట్టి, సంచి సర్దుకున్నారు. ఆఫీసరు తన గదిలోకి పోయాక గుమ్మం దగ్గర ఆగారు.

"నీకోసం చెప్పలేదు పాపా. ఆ ఓబులేసు కోసం చెప్పినా. నువ్వే చెప్తావేమో అని శానాసేపు చూసినా" అన్నారు. కోపం లేదు. మరీ అలిసిపోయిన గొంతు. "ఇప్పుడైనా ఏం మించిపోలే. సారుకు చెప్పుకో. నాకోసం కాదు."

అంతలో ఓబులేసు టీ గ్లాసు పట్టుకొని లోపలికి వచ్చాడు. ఆయన నిలబడే టీ తాగి, గ్లాసు ఓబులేసు చేతిలో పెట్టి, భుజం తట్టి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి జాబితా పూర్తి చేశాను. సాయంత్రం లోపల జిల్లాకు చేరింది. గడ్డి వచ్చింది. నా కాంట్రాక్టు కూడా మళ్లీ రాశారు.

మరుసటి రోజు చెబుదామనుకున్నాను. ఆఫీసరు కాస్త చల్లబడ్డాక అనుకున్నాను. కాంట్రాక్టు కాగితం చేతికి వచ్చాక అనుకున్నాను. వచ్చాక, ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారు అనుకున్నాను. వాయిదా వేసే మనిషికి సాకులకు కరువు ఉండదు. ఆఫీసరు బదిలీ అయిపోయారు. ఈ లోపల ఆయన నోటి నుంచి ఆ మాట పక్క మండలాలకు పాకింది, టైపు సారు మిషన్లను చెడగొడతాడని. ఒక్కొక్క ఆఫీసే ఆయన్ను పిలవడం మానేసింది. ఎవరైనా నా ముందు ఆ మాట అంటే నేను ప్రింటరులో కాగితాలు సర్దేదాన్ని.

రెండేళ్ల తర్వాత కళ్యాణదుర్గం బస్టాండులో ఒకసారి కనిపించారు. చొక్కా వదులైంది. అదే సంచి. నన్ను చూసి, "నాయన ఎట్లుండాడు పాపా?" అన్నారు. పర్వాలేదన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆయన అడగనందుకు చెప్పడం నాకు ఇంకా కష్టమైంది. "సార్, ఆ రోజు..." అన్నాను. ఆయన వినడానికి కాస్త ముందుకు వంగారు. అంతలో అనంతపురం బస్సు వచ్చింది. సీటు దొరకదని పరుగెత్తాను. బస్సు వచ్చినందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన పోయారని తెలిసిన ఆ వారం ఆదివారమే ఓబులేసు ఊరికి పోయాను. చివరికి పర్మనెంటు అయ్యాడు, రిటైరు కూడా అయ్యాడు. ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టాడు. నేను టీ కూడా తాగకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. సీడీ, నాలుగున్నర, మెమో, అన్నీ. ఓబులేసు వింటూ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"నాకు తెలుసు తల్లీ" అన్నాడు. "ఆ పొద్దు టీ పట్టుకొని వాకిట్లోనే నిలబడింటి. సారు నీతో చెప్పిందంతా విన్నా."

"మరి ఇన్నేళ్లూ నన్ను ఒక్క మాట అడగలేదే?"

"ఏమని అడిగేది? నీ నాయన మంచంలో ఉండె. నాకేమో పని నిలబడె." చల్లారిన టీ గ్లాసు నా వైపు జరిపాడు. "పోయిన సంక్రాంతి అయినంక ఆయప్పకు బాగలేదంటే చూడబోయింటి. మాట సరిగ్గా వస్తాండలే. నన్ను గుర్తుపట్టినాడు. పట్టి, 'ఆ పాప ఆఫీసరు సారుకు చెప్పిందా ఓబులేసూ?' అని అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"చెప్పింది సార్ అన్నా. మీరు పోయిన మరుసటి పొద్దే పోయి చెప్పింది అన్నా. ఆయప్ప నా చెయ్యి పట్టుకొని, 'నేను అనుకున్నాలేప్పా, ఆ పిల్ల చెప్తాదని' అన్నాడు."